కుందుర్పి దారిలో నైట్రోజన్ డబ్బా

పామిడి దగ్గర పెన్న వంతెన మీద ఏజెంట్ ప్రవీణ్‌ను విదేశీ ముఠా వాళ్లు కాల్చేశారు. అతని కారు డిక్కీలో ఉన్న నైట్రోజన్ డబ్బాను ఎత్తుకుపోయారు. అది ఖాళీ డబ్బా అని ఈపాటికి వాళ్లకు తెలిసే ఉంటుంది. అసలు డబ్బా అనంతపురంలోనే ఉంది.

చీఫ్ వేణుగోపాల్ ఫోన్‌లో ఈ కబురు చెప్పేటప్పటికి ఏజెంట్ గిరి బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. విని, మిగిలింది కూడా తినేశాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ప్రవీణ్ అతనికి జోడీ. ఏడవాలి కదా అనుకున్నాడు. లోపల ఏమీ కదల్లేదు. ఉగ్గానిలో ఉప్పు తక్కువైందని మాత్రం తెలిసింది.

గంటలోపే బ్రీఫింగ్.

"డాక్టర్ అనుపమ ఎవరో తెలుసా?" అన్నాడు చీఫ్.

"చర్మం డాక్టరు."

"సగమే తెలుసు నీకు. కడుపులో పిండం పెరిగేటప్పుడు చర్మమూ మెదడూ ఒకే పొర నుంచి పుడతాయట. నరాన్ని చర్మంలోకి పిలిచే సిగ్నల్ ఏమిటో ఈవిడ పట్టుకుంది. అటు డెర్మటాలజీ వాళ్లు, ఇటు న్యూరోసైన్స్ వాళ్లు పాఠాలు తిరగరాసుకుంటున్నారు. కుందుర్పి దగ్గర నందిని అని ఒక పాప ఉంది. పుట్టుకతోనే నొప్పి తెలియదు. నిప్పు మీద చెయ్యి పెట్టినా నవ్వుతుంది. మొదటి ట్రీట్‌మెంట్ ఆ పిల్లకే. కావలసిన కణాలను నైట్రోజన్‌లో గడ్డకట్టించి ఒకే ఒక్క స్ట్రాలో, అంటే సన్నటి గొట్టంలో, దాచారు. మళ్లీ తయారుచేయాలంటే ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ పిల్లకు చేతులు మిగలవు."

"విదేశీ ముఠాకి దాంతో ఏం పని?"

"సిగ్నల్‌ను తిరగేస్తే నొప్పి తెలియని సైనికుడు తయారవుతాడు. కొనేవాళ్లు క్యూ కట్టారు."

నొప్పి తెలియకపోవడం అంత ఖరీదైన సరుకని గిరికి తెలియదు. తనకది ఉచితంగానే దొరికింది.

ఊళ్లలో ఆవులకూ బర్రెలకూ సూది వేసి చూలు కట్టించే గోపాలమిత్రలు మోసేది కూడా అలాంటి నైట్రోజన్ డబ్బానే, దాన్లో దున్న వీర్యం స్ట్రాలు ఉంటాయి. గిరికి ఆ వేషం కట్టారు. బైకు వెనక గోనెసంచిలో డబ్బా, చొక్కా బటన్‌లో మైకు. కాస్త వెనకగా తెల్ల జీపులో పాడి ప్రాజెక్టు అధికారిణి వేషంలో ఏజెంట్ సుష్మిత, బ్యాకప్. అందగత్తె. ఎదుటివాడి మొహం చూసి అబద్ధం పట్టేయడంలో డిపార్ట్‌మెంటులో ఆమె తర్వాతే ఎవరైనా.

ఎండిన చేల మధ్య కుందుర్పి ఇంకాస్త దూరం ఉందనగా, తలగుడ్డ ఊపుతూ ఒక రైతు రోడ్డుకు అడ్డం నిలబడ్డాడు. పేరు తిప్పేస్వామి.

"ఏమప్పా, సూడకుండా పోతాండావు? నా బర్రె పొద్దున్నుంచీ అరుస్తాండాది. ఎదకొచ్చింది. సూది ఏసి పో!"

గిరికి తల ఊపక తప్పలేదు. ఎద దాటితే బర్రె మళ్లీ కట్టడానికి మూడు వారాలు చూడాలి. ఆ మాట విని కూడా ఆగకుండా పోయే గోపాలమిత్ర ఈ నేల మీద ఉండడు. పోతే ఊరంతా అనుమానిస్తుంది. బైకును పక్కనే ఉన్న దొడ్డి వాకిట్లోకి తిప్పాడు. అక్కడ అలాంటిదే ఇంకో బైకు, దాని మీద అలాంటిదే ఇంకో సంచి. అసలు గోపాలమిత్ర బయ్యన్న అప్పటికే వచ్చి ఉన్నాడు.

"ఇద్దరికీ చెప్పినావా?" అన్నాడు బయ్యన్న కోపంగా.

"నీకు ఫోన్ చేసినా, ఈయప్ప దోవలో దొరికినాడు. ఎవురొకరు కానీయండప్పా, అది నిలబడేట్టు లేదు!" అంటూ తిప్పేస్వామి చేతికందిన డబ్బాను బైకు మీంచి దించి కొట్టంలోకి మోసుకుపోయాడు. బయ్యన్న వెంట నడిచాడు. మోసుకుపోయింది గిరి డబ్బా. అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆగు గిరీ."

వెనక సుష్మిత. చేతిలో పిస్టల్. వాకిట్లో మిగిలిన ఒకే ఒక్క డబ్బా మీద ఆమె చూపు నిలిచింది.

"ముఠాకి ప్రవీణ్ రూట్ చెప్పింది నువ్వేనా?" అని అడిగాడు గిరి.

"చంపుతారనుకోలేదు," అంది. "ఆ డబ్బా ఇదేనా?"

"అదే."

ఆమె అతని మొహంలోకి చూసింది. కళ్లు, పెదవులు, దవడ, అన్నీ వెతికింది. అక్కడ భయం లేదు, కోపం లేదు, అబద్ధం ఆడుతున్న బెదురు లేదు. ప్రవీణ్ పోయిన కబురుకే కదలని మొహం అది.

"రాయిలాంటి మనిషివి," అంటూ ఆమె డబ్బాను జీపులోకి ఎక్కించింది. పిస్టల్ మాత్రం అతని వైపే ఉంది.

కొట్టంలో డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. "సర్కారుది, మంచి ముర్రా దున్న సరుకు ఉంటాది," అంటున్నాడు బయ్యన్న. "వేన్నీళ్ల చెంబు ఇట్ల పెట్టు."

జీపు స్టార్టయింది. గేటు దాటింది. అప్పుడు పరుగెత్తాడు గిరి.

బయ్యన్న పటకారుతో పట్టుకున్న స్ట్రా, చెంబులోని నీళ్లకు వేలెడు ఎత్తున ఉంది. మునిగితే గడ్డ కరిగి కణాలు పోయినట్టే. గిరి దాన్ని వట్టి చేత్తో లాక్కుని, పొగలు కక్కుతున్న నైట్రోజన్‌లోకి తిరిగి దించేశాడు. వేళ్ల చర్మం తెల్లగా ఊడింది.

"పిచ్చి పట్టిందా నీకు?" అని అరిచాడు బయ్యన్న.

"నా బర్రె గతేంది?" అని ఇంకా గట్టిగా అరిచాడు తిప్పేస్వామి.

గిరి బటన్ నొక్కి, చీఫ్‌కు రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, జీపును ఆపకండి, వెంట పడండి. రెండు, ఇక్కడి గోపాలమిత్ర డబ్బా ఆ జీపులోనే పోయింది, వెంటనే ఇంకో డబ్బా పంపండి, నిజంగా బర్రెలది.

రాష్ట్ర సరిహద్దు అవతల ఒక ఫామ్‌హౌస్‌లో సుష్మితతో సహా ముఠా మొత్తం దొరికింది. పోలీసులు తలుపు పగలగొట్టేసరికి అందరూ మైక్రోస్కోప్ చుట్టూ మూగి, ముర్రా దున్న వీర్యంలో నరాల కోసం వెతుకుతున్నారట.

వానలు పడ్డాక గిరి కుందుర్పి వెళ్లాడు. నందిని అవ్వ బయమ్మ ఇంటి ముందు డాక్టర్ అనుపమ కూర్చుని ఉంది. పాప ఆడుకుంటూ తుమ్మముల్లు తొక్కింది. అరిచేతికి చేసిన చికిత్స గుణమిచ్చాక, అప్పటికే పాదాలకూ చేశారు. పాప ముల్లు వైపు చూసింది. పెదవి వంకర తిరిగింది. "అవ్వా!" అని గుక్కపెట్టి ఏడ్చింది.

"ఏడ్సింది! నా మనవరాలు ఏడ్సింది!" అంటూ బయమ్మ వీధినంతా పిలిచింది. డాక్టర్ అనుపమ ముల్లు తీసి, పాపను ఒళ్లో పెట్టుకుని, తనూ ఏడ్చేసింది. గిరి వాళ్లిద్దరినీ అసూయగా చూశాడు.

ఫోన్ మోగింది. చీఫ్.

"ఏమైంది?"

"సక్సెస్ సార్. పాప ఏడ్చింది."

"మరి ప్రవీణ్ కోసం నువ్వు?"

"నా ఫైలు ఇంకా పెండింగ్‌లోనే ఉంది సార్."