బారక్ క్రాసింగ్ దగ్గర ఎడమ ఇయర్‌ఫోన్

బారక్ క్రాసింగ్‌కి మంచి పేరు లేదు. ఎప్పుడూ లేదు.

చెరకు తోటల మధ్య గేటు లేని రైలు క్రాసింగ్ అది. పక్కనే వెనకటి చెరకు కూలీలు ఉండే బారక్... కప్పు ఎప్పుడో పోయింది, గోడలు మిగిలాయి. చీకటి పడ్డాక ఆ పట్టాల వెంట నడిచొచ్చినవాళ్లు ఒకటే మాట చెప్తారు. వెనకాల అడుగులు వినిపిస్తాయట. మనం ఆగితే అవీ ఆగుతాయట. తిరిగి చూస్తే — చెరకే.

టెస్సా బెల్లినో ఈ మాటని పదిహేనేళ్లప్పుడే కొట్టిపారేసింది.

ఆ అడుగులు విన్నవాళ్లంతా మిల్లులో పని దిగి ఇంటికెళ్లేవాళ్లు. మిల్లు మోతకి చెవుల్లో పెట్టుకున్న బిరడాలు తీయడం మరిచిపోయి నడిచేవాళ్లు. చెవి రంధ్రం గట్టిగా మూస్తే బయటి చప్పుడు పోతుంది, లోపలి చప్పుడు పెరుగుతుంది. మన మడమ దెబ్బ ఎముకల్లోంచి పైకెక్కి చెవిలో ధన్‌మని మోగుతుంది. వెనకాల వచ్చే దెయ్యం మన కాళ్లే.

ఊళ్లో ఎవరూ ఆ వివరణ నమ్మలేదు. దెయ్యమే బాగుందనుకున్నారు.

ఇప్పుడు టెస్సాకి ఇరవయ్యేడు. పగలు మిల్లు లాబ్‌లో చెరకు రసంలో తీపి ఎంతుందో కొలుస్తుంది. సాయంత్రాలు ఇయర్‌ఫోన్లు కొలుస్తుంది. చెవిలోకి దూరి బయటి శబ్దాన్ని ఆపేసే రకం మాత్రమే. ఏది ఎన్ని డెసిబెల్స్ ఆపుతుంది, బేస్ ఎక్కడ ఉబ్బుతుంది, గాయని శ్వాస వినిపిస్తుందా లేదా... అన్నీ రాసి, వందకి మార్కులేసి నెట్‌లో పెడుతుంది. నాలుగు వేల మంది చదువుతారు. ఒక్క జతకి మాత్రం శబ్దం ఆపడంలో తొంభై ఏడు వేసింది. కింద ఇలా రాసింది: "ఇవి పెట్టుకుంటే లోకం లేదు."

ఆ జతని తమ్ముడు దారియోకి పుట్టినరోజుకి ఇచ్చింది.

పోయిన ఆగస్టులో, మిల్లులో చెరకు క్రషింగ్ మంచి ఊపు మీదున్న రోజుల్లో, దారియో అవి పెట్టుకుని పట్టాల వెంట పరుగెత్తుతూ బారక్ క్రాసింగ్ దగ్గర మిల్లుకి చెరకు మోసే రైలుబండి కింద పడ్డాడు. ఇరవైమూడేళ్లు.

టెస్సా ఏడవలేదు. మూడోరోజే లాబ్‌కి వెళ్లింది. ఇంటికొచ్చాక మాత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది — పాట లేకుండా. అమ్మ అన్నానికి పిలిచినా తెలిసేది కాదు. ఆ లోపల ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడమే కావాలి తనకి.

ఆ రోజు బండి నడిపింది మెర్వ్ టోగో. ముప్పై ఒక్క సీజన్ల డ్రైవరు. హారన్ మూడుసార్లు కొట్టానంటాడు. ఊరు నమ్మలేదు. మిల్లు ఆయన్ని బండి దింపి యార్డులో వ్యాగన్లు కడిగే పనిలో పెట్టింది.

మరణ విచారణకి పిలిపించిన నిపుణుడు లెక్క తేల్చాడు. క్రాసింగ్ దగ్గర హారన్ నూటనాలుగు డెసిబెల్స్. ఆ ఇయర్‌ఫోన్లు ఆపేది ముప్పై ఒకటి. మిగిలేది డెబ్భై మూడు — ఎదురుగా మనిషి గట్టిగా మాట్లాడినంత. కొట్టి ఉంటే కుర్రాడు వినేవాడు. వినలేదంటే కొట్టలేదు.

టెస్సా ఆ కాగితం నాలుగుసార్లు చదివింది. మొదటిసారి చదివినప్పుడు గుండె తేలికైంది. తప్పు మెర్వ్‌ది. తన కానుకది కాదు.

నాలుగోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. నిపుణుడు ఇయర్‌ఫోన్లని బొమ్మ తలకి తగిలించి కొలిచాడు.

బొమ్మ తల పరుగెత్తదు.

విచారణకి తొమ్మిది రోజులుందనగా మెర్వ్ దగ్గరికి వెళ్లింది. ఆయన గొట్టంతో వ్యాగన్లు కడుగుతున్నాడు.

"మెర్వ్ అంకుల్... రేపు సాయంత్రం నాతో క్రాసింగ్ దాకా వస్తావా?"

ఆయన నీళ్లు కట్టేయలేదు. "ఎందుకమ్మాయ్, నన్ను కూడా పట్టాల మీద పడుకోబెడదామనా?"

"అదే జత తెప్పించాను. వాడి ఫోన్‌లో ఆగిన పాటే, అంతే మోత. వినిపిస్తుందో లేదో నేను వింటాను."

"వినిపిస్తే?"

"విచారణలో చెప్తాను."

"వినిపించకపోతే?"

"అదీ చెప్తాను."

మెర్వ్ ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలో చూడ్డానికేం లేదు. "బిరడాలకి మార్కులేసే పిల్లవి గదా. నా హారన్‌కీ ఏదో ఒకటి వెయ్యి. పదకొండు నెలల్నించి అందరూ సున్నాయే వేశారు."

జూలై ఆ దేశంలో చలికాలం; మర్నాడు ఏడు గంటలకే చిమ్మచీకటి. పట్టాల మీద మంచు తడి. గాలిలో మొలాసిస్ వాసన. బారక్ గోడల వెనక ఎక్కడో కర్లూ పిట్ట పసిపిల్లలా ఏడుస్తోంది.

బండి ఏడూ నలభైకి. నడిపేది మెర్వ్ దగ్గర పని నేర్చుకున్న కాల్ అనే కుర్రాడు. మెర్వ్ వాకీటాకీలో చెప్పాడు: "హారన్ బోర్డు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, క్రాసింగ్ ముందు ఒకటి. నేను కొట్టినట్టే."

"సరే బాస్. ఆ పిల్ల పట్టాలకి దూరంగానే ఉంటుందా?"

"నాలుగడుగులు. కొలిచే నిలబడింది. కొలవకుండా ఏదీ చెయ్యదు."

మెర్వ్ పట్టాలకి అవతల, రోడ్డు పక్కన టార్చితో నిలబడ్డాడు. టెస్సా ఇవతల, చెరకు అంచున, బండి వచ్చే వైపుకి వీపు పెట్టి.

కుడిది పెట్టుకుంది. ఎడమది పెట్టుకుంది. ఆగింది. పిట్ట ఏడుపు సన్నబడి... సన్నబడి... పోయింది.

పాట పెట్టింది. ఉన్నచోటే పరుగు మొదలెట్టింది.

ధన్. ధన్. ధన్.

అనుకున్నదే. ప్రతి అడుగూ పుర్రెలో డోలు. నిపుణుడి లెక్కలో ఈ డోలు లేదు. వేగంగా దగ్గరికొచ్చే అడుగుల్లా ఉంది — ఆ కథ ఎలా పుట్టిందో ఇప్పుడు ఎవరికైనా అర్థమవుతుంది.

కళ్లు మూసుకుంది.

మార్కులేసేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. కళ్లు మూస్తేనే చెవి తెరుచుకుంటుంది. ఇంట్లో కుర్చీలో అయితే ఏమీ కాదు. కానీ చెవులూ కళ్లూ రెండూ మూసుకుని, ఉన్నచోటే పరుగెత్తే మనిషి ఉన్నచోట ఉండడు. తనకి తెలియకుండానే జరుగుతాడు. ప్రతి అడుగుకీ నాలుగు వేళ్లంత... అంతే.

అంత కొలిచే టెస్సా అదొక్కటి కొలవలేదు.

బోర్డు దగ్గర కాల్ మొదటి హారన్ కొట్టాడు. క్రాసింగ్‌కి రెండు వందల మీటర్లు.

టెస్సాకి వినిపించలేదు. పాట. డోలు.

మధ్యలో రెండోది కొట్టాడు. మెర్వ్ అప్పటికి టార్చి ఊపుతూ అరుస్తున్నాడు. టెస్సా కాళ్ల కింద గడ్డి పోయి కంకర వచ్చింది. కంకర పోయి ఇంకేదో గట్టిగా తగిలింది. పట్టించుకోలేదు. విందామని చూస్తోంది... ఇంకా రాలేదేంటి బండి, అనుకుంది.

లోకం లేదు.

అప్పుడు ఎడమ చెవి తెరుచుకుంది.

ఒక్కసారిగా — హారన్. ఆకాశమంత. కళ్లు తెరిచింది. తన నీడ తెల్లటి వెలుగులో పట్టాల మధ్య, బారెడు పొడుగున, ముందుకి పడి ఉంది.

దూకింది.

బండి వెళ్తూనే ఉంది. కాల్ బ్రేకు వేసినా, నిండు చెరకుతో ఉన్న నూటపది వ్యాగన్లు అంత తొందరగా ఆగవు. అవతల మెర్వ్, ఇవతల టెస్సా, మధ్యలో ఇనుము. ఆగిన వ్యాగన్ల మధ్య నుంచి ఆయన మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చేసరికి ఆమె గడ్డిలో కూర్చుని ఉంది.

"పిచ్చిదానా!" ఆయన అరిచాడు. "చచ్చిపోయావనుకున్నా! నీకు... నీకు వినపళ్లేదా?"

"లేదు."

"రెండుసార్లు కొట్టాడు!"

"లేదు అంకుల్. ఆ రెంట్లో ఒక్కటీ వినిపించలేదు. నువ్వు కొట్టావు. మూడుసార్లూ కొట్టావు. వాడికి వినపడలేదు."

మెర్వ్ పట్టా పక్కన కూలబడ్డాడు. తడి గడ్డిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. టెస్సా చూస్తూ కూర్చుంది. ఆ ఏడుపు ఎవరిదో, ఎక్కడో, గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది తనకి.

విచారణలో అంతా చెప్పింది. పరుగెత్తే మనిషికి చెవిలో డోలు ఉంటుందని, నిపుణుడు అది కలపలేదని. కాల్ సాక్ష్యం చెప్పాడు. దారియోకి ఆ జత ఇచ్చింది తానేనని, తొంభై ఏడు మార్కులేసింది తానేనని కూడా చెప్పింది — ఎవరూ అడక్కుండానే. మెర్వ్ మీద తప్పు లేదని రాశారు. ఈ సీజన్‌లో ఆయన మళ్లీ బండెక్కాడు.

"మరి మీకు చివరి హారన్ ఎలా వినిపించింది?" అని అక్కడ అడిగారు.

"ఎడమది ఊడిపోయింది."

అంతటితో వదిలేశారు. ఊడే ఉంటుంది.

కానీ మెర్వ్‌కి ఇంకోటి చెప్పింది. ఆయన నోటి నుంచే ఇది ఊళ్లోకి వచ్చింది.

తన రెండు చేతులూ ఫోన్ మీదే ఉన్నాయట, మొదట్నించీ. దూకి గడ్డిలో పడ్డాక, మూరెడు దూరంలో వ్యాగన్లు పోతుండగా, గుండెల మీద తీగకి వేలాడుతున్న ఎడమ ఇయర్‌ఫోన్‌ని ఫోన్ వెలుగులో చూసిందట.

దాని చివర మెత్తటి నురుగు మొన ఉంటుంది. పెట్టుకునే ముందు రెండు వేళ్ల మధ్య నలిపి అగ్గిపుల్లంత సన్నం చేయాలి. చెవిలోకి వెళ్లాక మెల్లగా ఉబ్బి రంధ్రమంతా నిండుతుంది. దానంతటది ఊడి వచ్చిన మొన ఎంత లేదన్నా చెవి రంధ్రమంత లావుంటుంది. అంతకంటే సన్నం కాదు. కాలేదు.

ఆమె అరచేతిలోది అగ్గిపుల్లంత ఉంది.

ఆమె చూస్తుండగానే అది ఉబ్బడం మొదలెట్టింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు... నలభై దగ్గర పూర్తిగా విప్పుకుంది. అంటే ఆమె చేతిలోకి తీసుకునే క్షణం ముందే ఎవరో దాన్ని రెండు వేళ్లతో నలిపారు.

తమ చెవిలో పెట్టుకోవడానికి.