అడ్డుగీత

2091 జులై 19, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు ఏడో నంబరు అంతరిక్ష దూరదర్శిని తీసిన చిత్రం చెడిపోయింది. కారణం అడ్డుగీత. దూరదర్శిని ముందు నుంచి ఏదో పోయింది. మైపాడు తీరంలోని నియంత్రణ కేంద్రంలో సుభాషిణి బల్ల మీద 'పునర్వీక్షణకు సిద్ధం' అన్న అక్షరాలు వెలిగాయి. ఆమె వేలితో నొక్కింది.

పూర్వం చిత్రం చెడితే శాస్త్రవేత్తలు కారణం రాసి, మళ్లీ తీయమని అర్జీ పెట్టుకునేవారు. కమిటీ నెలలు తీసుకునేది. పునర్వీక్షకం అనే యంత్రం వచ్చాక అర్జీలు పోయాయి. చెడినదాన్ని అదే గుర్తించి మళ్లీ తీస్తుంది. మంచిది రాగానే చెడినదాన్ని చెరిపేస్తుంది. ఇరవై ఏళ్లలో అది ఆస్పత్రి స్కానింగుల్లోకి, బడి పరీక్షల్లోకి, పెళ్లి ఫొటోల్లోకి వచ్చింది. చెడిన ఫొటో ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలు చూడలేదు.

"ఏందమ్మా, ఇంకా వేలు నొక్కే పనేనా?" అన్నాడు పై అధికారి పెంచలయ్య, టీ తాగుతూ. "ఆ మిషను ఒక వేలు మొలిపించుకునిందంటే నువ్వు ఇంటికే."

"నాకన్నా ముందు మీరే పోతారు సార్. మీరు వేలు గూడా నొక్కరు గదా."

పది యాభైకి రెండో చిత్రం చెడింది. మళ్లీ అడ్డుగీతే. ఆమె నొక్కింది. పదకొండు ఇరవై ఎనిమిదికి మూడోది శుభ్రంగా వచ్చింది. మొదటి రెండూ చెరిగిపోయాయి.

పదకొండు నలభైకి పెంచలయ్య ఫోను పెట్టేసి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మీ తమ్ముడు ఈ పొద్దు ఏ పడవలో ఉండాడు?"

"పన్నెండో నంబర్లో. ఏం సార్?"

"తొమ్మిదిన్నర నుంచి పలకడం లేదంట. ఇంజనూ లేదు, రేడియో లేదు. పడవ కొట్టుకొని పోతా ఉంది."

ఆ అంతరిక్ష మరమ్మతు పడవలో తమ్ముడు మస్తానయ్య ఒక్కడే ఉన్నాడు. సాయంత్రం ఆరు దాకే పీల్చే గాలి ఉంది. రక్షణ పడవ సిద్ధంగా ఉంది. లెక్క ప్రకారం ఐదు దిక్కులు వెతకాలి, ఒక్కో దిక్కుకు మూడు గంటలు.

"వాడు ఏడో నంబరు పక్కనే పని చేస్తా ఉన్నాడు," అంది సుభాషిణి. "ఆ గీతలు వాడి పడవవే."

రెండు గీతలు ఉంటే పడవ దారి తెలుస్తుంది. అవి ఎటు నుంచి ఎటు పోయాయో ఆమె చూడలేదు. చూడమని యంత్రం అడగదు.

ఆమె ఆ చిత్రాలు కావాలంది. 'విఫల చిత్రాలు లేవు' అని వచ్చింది. మళ్లీ తీయమని అర్జీ రాసింది. 'వీక్షణ సఫలమైంది. పునర్వీక్షణకు కారణం లేదు.'

"బాగుండే బొమ్మనే చెడిందని కొట్టమ్మా. మళ్లీ తీస్తాది," అన్నాడు పెంచలయ్య.

కొట్టింది. పన్నెండు ఇరవై నాలుగుకు నాలుగో చిత్రం వచ్చింది. అదే ఆకాశం. గీత లేదు.

"వేరే పక్కకి తిప్పండి సార్."

"ఎటు తిప్పాలని మిషను అడగతా ఉంది."

ఒంటిగంటకు అమ్మ ఫోను చేసింది.

"మస్తాను ఎత్తడం లేదు పాపా, అన్నం తిన్నాడో లేదో."

"డ్యూటీలో ఉండాడు మా," అని చెప్పి పెట్టేసింది.

రక్షణ పడవ మొదటి దిక్కు మూడింటికి ముగించింది. రెండో దిక్కు ఆరింటికి. ఆరు గంటల పది నిమిషాలకు మూడో దిక్కుకు తిరిగింది.