అరవైకి దిగువ

ముప్పై ఏడో బిడ్డతో మాట్లాడుతుండగా తెర మీద శుభవార్త వెలిగింది: "దుమ్ము సెలవు ముగిసింది. రేపటి నుంచి బడులు."

ఏడు నెలలు! పిల్లల కౌన్సెలర్ రమీజా ఆనందం పట్టలేక ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క టీ తాగింది. చక్కెరకు బదులు ఉప్పు. పెళ్లయిన పదకొండో రోజున యూసుఫ్ మొదటిసారి కాచిన టీ అది. పొద్దున అతను ఎంత శ్రద్ధగా వడగట్టాడో గుర్తొచ్చి, నవ్వుకుంటూ ఇంకో గుక్క తాగింది. ఆమె మణికట్టు మీద సంతోషాన్ని కొలిచే నాడిపట్టీలో సూచి తొంభై నాలుగుకు ఎక్కింది.

శుభవార్త కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. "సూచి అరవైకి దిగువన ఉన్నవారికి గేటు తెరుచుకోదు. ఆ పిల్లలకు మరో మూడు నెలల గృహవిశ్రాంతి. సాయంత్రం ఐదుకు తూనిక యంత్రం జాబితా ఖరారు చేస్తుంది."

తెర మీద గంగోత్రి ఉంది. ఆరో తరగతి. వాళ్లమ్మ ఈ దుమ్ముకాలంలోనే ఊపిరాడక చనిపోయింది.

"బడి తెరుస్తాండారంట గంగా, విన్నావా?"

"ఊఁ."

"అన్నం తిన్నావా?"

"తిన్నా."

కళ్లు నేల మీదే ఉన్నాయి. సూచి మాత్రం ఎనభై ఎనిమిది.

తర్వాతి పిల్ల శిరోమణి. గంగోత్రిది పక్కిల్లే. తెర మీదికి రావడమే గొడవతో వచ్చింది.

"పెండ్లి చేసుకొని మాకు లడ్డు పెట్టల్యా! ఎంత పిసినారి మేడమ్ మీరు!"

కిలకిలా నవ్వుతున్న ఆ పిల్ల సూచి ముప్పై ఒకటి.

రమీజా రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసింది.

"శిరోమణీ, నీ పట్టీ ఎవరి చేతికుంది?"

నవ్వు ఆగిపోయింది.

"గాజులు మార్చుకున్నట్ల మార్చుకున్యాం మేడమ్. వసారా కటకటాల్లో నుంచి." గొంతు తగ్గించింది. "ఎవురికీ చెప్పొద్దండి. నాకు మా అవ్వ ఉండాది. దినామూ తిడ్తాంటాది, పొద్దుపోతాది. గంగోళ్ల నాయన పనికి పోతే ఆ ఇంట్లో ఎవురూ ల్యారు. ఇంగా మూన్నెల్లు అట్లే ఉంటే అది మాటే మర్చిపోతాది."

"మరి నువ్వో?"

"నేను ఉంటాలే" అంది. కటకటాల వైపు చూసింది.

పట్టీలు మారితే వెంటనే నివేదించాలన్నది నిబంధన. నివేదిస్తే గంగోత్రి ఆగిపోతుంది. లేదంటే శిరోమణి. రమీజా తన మణికట్టు వైపు చూసుకుంది. తూనికకు నాడి తెలుసు, మనిషి తెలియదు. శిరోమణి పట్టీ తెప్పించి తను కట్టుకుంటే చాలు, ఇద్దరూ గేటు దాటతారు. ఉప్పు టీ సాయంతో!

నవ్వుతూనే జాబితా మొత్తం తెరిచింది. అరవైకి దిగువన రెండు వందల పన్నెండు పేర్లు. బడి ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే ఏరి ఏరి ఇంట్లో కూర్చోబెట్టినట్టుంది. తన సంతోషం ఒక్క బిడ్డకే సరిపోతుంది.

ఐదుకు పది నిమిషాలుండగా తూనిక అడిగింది: "కౌన్సెలర్ ఆమోదం?"

మూడేళ్లుగా ఆమె "సరే" నొక్కుతూనే ఉంది. పక్కన "నిరాకరణ" అనే మీట కూడా ఉంది. దాన్ని నొక్కినవాళ్లెవరూ ఆమెకు తెలియదు. కొత్త కాపురం, అద్దె ఇల్లు, ఈ ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అయినా నిరాకరణే నొక్కేసింది.

"కారణం?" ఆ గడిలో అంకెలు మాత్రమే పడతాయి. 212 అని కొట్టింది.

జాబితా ఖరారు కాలేదు. తెర కాసేపు కదల్లేదు. తర్వాత ఆమె చేతి పట్టీ మోగింది. సూచి తొంభై నాలుగు నుంచి యాభై ఎనిమిదికి పడిపోయింది. రేపు గేటు తనకూ తెరుచుకోదు.

ఫ్లాస్కులో మిగిలిన ఉప్పు టీ తాగేసింది. తర్వాత యూసుఫ్‌కు రాసింది: "లడ్లు చేయాలి, రెండు వందల పన్నెండు. చక్కెర నేనే వేస్తా."

ఆపైన ఆ రెండు వందల పన్నెండు ఇళ్లకూ ఒకే కబురు పంపింది:

"నా సూచి కూడా అరవైకి దిగువే. రేపు పొద్దున ఏడున్నరకు అందరూ పలకలు తీసుకుని రండి. గేటు బయట, గోడ నీడలో కూర్చుందాం. లోపలికి పిలిచేదాకా బడి అక్కడే."