ట్యూబు బద్ద కట్టిన ఫోను

పొయ్యి మీద పాలు కాగుతున్నా గీతాంజలి చెవి ఉయ్యాల వైపే ఉంది. ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో దూలానికి చీర ఉయ్యాల, చీర మడతలో పాప తల పక్కన ఫోను, ఫోనులో జోలపాట. చార్జరు తీగ గోడ మీది ప్లగ్గు నుంచి ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. పాట ఆగితే పాప లేస్తుంది. పాప లేస్తే ఎందుకు ఏడుస్తోందో తల్లి గీతాంజలికి అంతుపట్టదు.

కొద్ది రోజులుగా ఆ ఫోను స్క్రీను రెపరెపలాడుతోంది. నిన్న ఒక అంచు పైకి కూడా లేచింది. మామ ఆదినారాయణ పాత సైకిల్ ట్యూబును బద్దగా కోసి ఫోను చుట్టూ బిగించి కట్టాడు. ఊగే పార పిడైనా, చీలిన నీళ్ల పైపు అయినా ఆయన చేతిలో ట్యూబు బద్దతోనే బాగుపడేది.

"మల్లా స్క్రీను కొట్టుకుంటాంది మామా."

"ఇంగో సుట్టు సుడితే ఊరుకుంటాదిలేమ్మా."

అప్పుడే ఆడబిడ్డ వినీత సంచీతో గదిలోంచి వచ్చింది. నంద్యాలలో ఫోన్ల రిపేరు నేర్చుకున్న పిల్ల. అక్కడి షాపువాళ్లు ఇవాళ పనిలోకి రమ్మన్నారు. వెళ్లకపోతే ఆ చోటు ఇంకొకరిది.

"యాడికి పోతాండావ్?" ఆదినారాయణ అడ్డం నిలబడ్డాడు. "రాత్రే సెప్తి గదా. బజార్లో మొగోళ్ల మద్దెన కూసోని స్క్రూలు తిప్పే గతి నా బిడ్డకేం పట్టల్యా."

"గతి గాదు నాయనా. ఇష్టం."

"ఇష్టమంట! అంత పనిమంతురాలివైతే ముందీ ఇంట్లో ఫోను బాగుజెయ్. సూస్తాం."

వెటకారంగా అన్న ఆ మాటను వినీత నిజంగానే తీసుకుంది. పాప లేవకుండా గీతాంజలి ఉయ్యాలను ఓ ఊపు ఊపితే, సంచీ దించి అందులోంచి ఫోను అందుకుంది. చార్జరు పీకింది. రెపరెప ఆగలేదు. ఆపి మళ్లీ వెలిగించింది. వెలుతురు తగ్గించి చూసింది, పెంచి చూసింది. అప్పుడు ట్యూబు బద్ద విప్పి, కవరు తీసి, ఫోనును నేల మీది నాపరాయిపై వెల్లకిలా పెట్టి వేలితో మెల్లగా తట్టింది.

ఫోను గిర్రున తిరిగింది.

"మంచి ఫోనైతే బండ మీద కదలకుండా కూసుంటాది. ఇది సూడు వదినా. లోపల బ్యాటరీ ఉబ్బింది. స్క్రీనును పైకి తోస్తాంది. అందుకే రెపరెప."

"ఉబ్బితే ఏమైతాది?"

వినీత ఉయ్యాల వైపు చూసి గొంతు తగ్గించింది. "ఉబ్బినదాన్ని బిగించి కట్టి చార్జింగు పెడితే... ఒక్కోసారి మంట లేస్తాది."

గీతాంజలి ఒక్క అంగలో పాపను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. "పసిబిడ్డ తలకాడ!" అని అత్త రామసుబ్బమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆదినారాయణ చూపు కింద పడిన ట్యూబు బద్ద మీదికి పోయింది.

"నేనే గదా కడితి," అన్నాడు.

దెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. వినీత మాత్రం ఫోను ఆఫ్ చేసి, దూరంగా వసారాలో పెట్టి వచ్చింది. "పగలకుండా ఉండాలనే గదా కట్టినావు నాయనా. లోపలేముందో పైకి కనపడదు."

తనకంటే చిన్నదైన ఆ పిల్లను గీతాంజలి కొత్తగా చూసింది. ఏనాడూ మామకు ఎదురు చెప్పని నోరు తెరుచుకుంది.

"పంపీండి మామా. తొమ్మిదిలో నన్ను బడి మాన్పించినప్పుడు నా తరఫున మాట్లాడినోళ్లు ఎవురూ ల్యా. వినీత తరఫున నేను మాట్లాడతాండా."

ఆదినారాయణ కిందికి వంగాడు. ట్యూబు బద్ద తీసుకుని బయటికి నడిచాడు. మోటారు సైకిలు స్టార్టయిన చప్పుడు విని వినీత తల వంచుకుంది.

"ఏమే, సంచీ తేవా? పొద్దుపోతాంది!"

వాకిట్లో ఆయన ఆ బద్దతోనే కూతురి సంచీని వెనక క్యారియరుకు బిగించి, ఊడుతుందేమోనని లాగి చూశాడు.

సాయంత్రం, వినీత పనయ్యాక బస్సులో వస్తుందని ఆదినారాయణ ఒక్కడే ముందుగా తిరిగొచ్చి, పొద్దున నంద్యాలకు తీసుకుపోయిన ఫోను కోడలి చేతిలో పెట్టాడు. స్క్రీను నిలకడగా వెలుగుతోంది.

"కొత్త బ్యాటరీ వినీతే ఏసింది. పక్కనే నిలబడి సూస్తిని. ఎంత సన్న స్క్రూలనుకున్నావు! చెయ్యి వణకల్యా. షాపాయన గూడా పని ఇడిసిపెట్టి సూస్తాండె."

గీతాంజలి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఫోనును ఉయ్యాలకు దూరంగా గూట్లో పెట్టింది.

వాకిట్లో రామసుబ్బమ్మ క్యారియరుకు వేలాడుతున్న ట్యూబు బద్దను విప్పబోయింది.

"దాన్ని ఇప్పొద్దు," లోపల్నుంచి కేకేశాడు ఆదినారాయణ. "రేపు బిడ్డ సంచీ కట్టాల."