లాటిన్ గదిలో చేపల కంపు

రెండు వేల ఎనభైల నాటికి భీమిలి సగం నీళ్ల మీదే ఉండేది. సముద్రం ముందుకొచ్చిన కొద్దీ ఊరు తేలే పలకల మీదికి ఎక్కింది. పొద్దున్నే పెద్ద అల వస్తే కల్హార వంటింట్లో పెసరట్టు పెనం మీద కొంచెం పక్కకి జరిగేది. అట్టు ఎవరి వైపు జరిగితే వాళ్లకే అల్లప్పచ్చడి రాసిన మొదటి ముక్క. పెళ్లై నెల తిరగని ఆ ఇంట్లో అది రోజూ పందెమే. ఓడిపోయిన రోజున ఆమె భర్త నీలాద్రి అల మీద అలిగేవాడు.

కల్హార మెదడు శాస్త్రవేత్త. నీలాద్రి ఉత్తుంగ జూనియర్ కాలేజీలో లాటిన్ మాస్టారు. ఆ రోజుల్లో లాటిన్ మాస్టారంటే పిల్లనివ్వడానికి క్యూ కట్టేవారు. దానికి కారణముంది.

చెవిలో పెట్టుకునే గింజంత అనువాదిని, అంటే ట్రాన్స్‌లేటర్, లోకంలోని ప్రతి భాషనూ అప్పటికప్పుడు తెలుగులో వినిపించేది. ఇక భాష నేర్చుకోవడం ఎందుకని పిల్లలు మానేశారు. కనీసం ఒక్కటైనా సొంత బుర్రతో నేర్చుకోవాలని, ప్రపంచంలోని పరీక్షల బోర్డులన్నీ కలిసి లాటిన్‌ను ఆ గింజలోంచి తీయించేశాయి. కష్టమైన భాష కాబట్టి దాని మార్కులకు భారం, అంటే వెయిటేజి, ఎక్కువ ఇచ్చాయి. లెక్కల్లో వందకు వందే. లాటిన్‌లో వంద వస్తే నూటయాభై.

అంతే, ఊళ్లోని కాలేజీలన్నీ లాటిన్ మీద పడ్డాయి. వీళ్ల ముత్తవ్వలు ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకుని, ఒక్క వాక్యం పలక్కుండానే నిండు జీవితం గడిపేశారు. ముని మనవలు లాటిన్‌తో అదే చేశారు. అర్థం తెలియని జవాబులు బట్టీ కొట్టి, పరీక్ష హాల్లో కక్కేసి, ఇంటికెళ్లి స్నానం చేసేవారు.

ఆ బట్టీని చంపడానికే కల్హార శ్రమమానిని తయారు చేసింది. ఎఫర్ట్ మీటర్. చెవి వెనక అంటించే గోరంత బిళ్ల. పరీక్ష రాసేటప్పుడు నుదుటి వెనక రక్తం ఎంత ఉరుకుతోందో, పొట్టకూ మెదడుకూ మధ్య నరం ఎంత అదురుతోందో, చర్మం ఎంత చెమరుస్తోందో అది కొలిచేది. బుర్ర పెనుగులాడితే భారం పెరుగుతుంది. చిలకపలుకులు పలికితే తరుగుతుంది. బోర్డు సంతోషంగా తీసుకుంది. రెండేళ్లలో రాష్ట్రమంతటా లాటిన్ భారం ఎంతో ఆ బిళ్లే తేల్చసాగింది.

ఉత్తుంగ పిల్లలందరికీ ఒక్కసారిగా రెట్టింపు భారం రావడంతో కల్హారకు ముచ్చటేసింది. ఇంతమంది బుర్ర పెట్టి చదువుతున్నారా అని చూడ్డానికి వెళ్లింది. కాలేజీ డీన్ ఆనందభూషణ్ గుమ్మంలో పూలగుత్తితో ఎదురొచ్చాడు. ప్రకటనకు పనికొస్తుందని వెంట ఫొటోగ్రాఫర్ని కూడా పెట్టుకున్నాడు.

లాటిన్ గది తలుపు తియ్యగానే ఆమె పూలగుత్తిని ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

గదిలో కుళ్లిన చేపల కంపు. మామూలు కంపు కాదు, నాలుక మీదికి ఎక్కి కూర్చునే కంపు. కిటికీలకు సీళ్లు వేసి ఉన్నాయి. గోడలోని గొట్టం బుస్సుమన్నప్పుడల్లా కంపు కొత్తగా వస్తోంది. సరిగ్గా అప్పుడే తెర మీద లాటిన్ వాక్యం వెలుగుతోంది. వరసల్లో పిల్లలు పుల్లటి ముఖాలతో, కళ్లలో నీళ్లతో దాన్ని చదువుతున్నారు. బల్లకొకటి చొప్పున వాంతి సంచి.

డీన్ అదంతా పెళ్లివారికి ఏర్పాట్లు చూపించినంత గర్వంగా వివరించాడు. బిళ్లకు కష్టమేదో రోతేదో తెలియదని వాళ్ల పరిశోధన విభాగం కనిపెట్టిందట. పొట్టలో తిప్పితే చాలు, మెదడు పెనుగులాడుతోందనే అనుకుంటుందట. కంపునూ లాటిన్‌నూ రెండేళ్లు కలిపి పట్టిస్తే, పరీక్షలో కంపు లేకపోయినా అక్షరం చూడగానే పిల్లాడికి దానంతటదే వికారం వస్తుందట.

"మీ మీటరే మాకు దారి చూపించింది మేడం," అన్నాడు వినయంగా.

కల్హార అతని మీంచి చూపు తిప్పేసింది. గోడవారగా నీలాద్రి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఇంట్లో పక్కింటి పిల్లి గురించి కూడా గంటసేపు చెప్పే మనిషి ఈ గది మాట ఒక్కటీ చెప్పలేదు.

అప్పుడు వినిపించింది నవ్వు.

వెనక బల్ల మీద ఒకమ్మాయి తెర మీది పాఠం చదువుకుంటూ తనలో తను నవ్వుకుంటోంది. ఆమె వాంతి సంచిలో మరమరాలున్నాయి. పేరు మైలపల్లి సౌగంధి. జాలరిపేట పిల్ల. ఎందుకు నవ్వుతున్నావని కల్హార అడిగింది.

"ఈ పాఠం సూడండి మేడం. చేపల్ని ఉప్పేసి ఎండలో నెలలకి నెలలు ఊరబెట్టి పులుసు సేసుకునీవోరంట రోము వోళ్లు. రాజుల ఇళ్లల్లో కూడా అదేనంట. మా అవ్వ ఇలాగే జాడీలో పెడితే పక్కింటోళ్లు తలుపులేసుకుంటారు. రెండు వేల ఏళ్ల కిందట పుట్టాల్సింది మా అవ్వ."

"నీకు కంపు కొట్టడం లేదా?"

"కంపేటి? మా ఇల్లు ఇలాగే ఉంటాది."

మళ్లీ తెర వైపు తిరిగి ఆ పిల్ల తలెత్తి హాయిగా నవ్వింది. ఫొటోగ్రాఫర్‌కు ఆ గదిలో నవ్వే ముఖం అదొక్కటే దొరికింది. క్లిక్ మనిపించాడు.

నీలాద్రి సాయంత్రం నోరు విప్పాడు. ఉద్యోగం పోతే ఈ కొత్త కాపురం ఏమవుతుందోనని చెప్పలేదన్నాడు. సౌగంధి సంగతీ అప్పుడే చెప్పాడు. నీట మునిగిన పాత ఓడల్లో దొరికే లాటిన్ రాతలను చదివే సంస్థ ఒకటి మధ్యధరా తీరంలో ఉంది. రాష్ట్రానికి ఒక్కటే సీటు. లాటిన్ మార్కుల్లో ఎవరు ముందుంటే వాళ్లకే. సౌగంధికి అదే ప్రాణం. తప్పుల్లేకుండా రాసేది ఆ పిల్లొక్కతే. కానీ చేపల పులుసంత సులువుగా చదివేస్తుంది కాబట్టి ఆమె చెవి వెనక బిళ్ల నిద్రపోతుంది. బట్టీ కొట్టిందనుకుని భారం సగానికి కోసేస్తుంది.

"ఇష్టపడి చదివితే సులువవుతుందని నీకు తట్టలేదా, కల్హా?" అన్నాడు మెల్లగా.

తట్టలేదు. ఆ రాత్రి ఇద్దరూ అన్నం ముందు కూర్చుని లేచారు.

మర్నాడే కల్హార బోర్డుకు వెళ్లింది. తన పరికరం తప్పు కొలుస్తోందని, పరీక్షకు ముందే దాన్ని తీసెయ్యాలని, అసలు భారాలే వద్దని చెప్పింది. బోర్డు వాళ్లు కాదనలేదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే సరేనన్నారు. ఉత్తుంగ ఆడిటోరియంలో సభ పెట్టారు. ఎప్పుడూ సభలకు రాని వాళ్లు కూడా ఈసారి వచ్చారు. కల్హార ఆ గది గురించి, అందులో నవ్వుకుంటూ చదివే పిల్ల గురించి చెబుతుంటే వాళ్లు తెల్లబోతారని, కోప్పడతారని అనుకుంది. కోప్పడ్డారు కూడా. ఆమె మీద.

పట్టుచీర కట్టుకున్న ఒక తల్లి లేచి నిలబడింది. "ఏమ్మా, మా వాడు రెండేళ్లు ఆ కంపులో కూర్చున్నాడు. ఇంట్లో చేపల కూర వండుకోవడమే మానేశాం వాడి కోసం. ఇప్పుడు మీటరు తీసేస్తే వాడు పడ్డ రోతంతా ఏమవ్వాలి? హాయిగా నవ్వుకుంటూ చదివిన పిల్లకి, మా వాడికి ఒకటే తూకమా?"

హాలంతా చప్పట్లు. కల్హార ఆ ముఖాలను చూసింది. వాళ్లకు ఆ గది సంగతి ముందే తెలుసు. కొందరైతే ఇంట్లో కూడా చిన్న గొట్టం పెట్టించుకున్నారట. మనుషుల మీద ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది. బిళ్ల ఉండి ఉంటే ఆమెకూ మంచి భారమే వచ్చేది.

మీటరు ఉండిపోయింది.

సౌగంధి హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఆదివారం, ఆ వార్త చెప్పడానికి దంపతులిద్దరూ జాలరిపేట వెళ్లారు. సౌగంధి విని, వల బాగు చేస్తున్న అవ్వ పక్కన కూర్చుని తనూ రెండు ముడులు వేసింది. తర్వాత తనకూ రోత పుట్టించేది ఒకటుందని చెప్పింది. హాస్టల్లో రోజూ తెల్లారకముందే మోగే కాలేజీ ప్రకటన అది. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ ర్యాంకుల కేకలు, వాటి వెంట తెర మీద పళ్లికిలించే ముఖాలు. అది వింటే తనకు తిన్నది నిలవదంది. ఇక ఆ తెర కిందే కూర్చుని లాటిన్ చదువుతానంది.

నీలాద్రి అడ్డుపడ్డాడు. "వద్దమ్మా. ఒకసారి అంటుకుంటే వదలదు."

"సీటొచ్చాక కడిగేసుకుంతాను సార్. చేపలు తోమిన చేతికి నిమ్మకాయ రుద్దితే కంపు పోదేటి?"

అలాగే చేసింది. పరీక్ష రోజున ఆమె బిళ్ల ఇంతకు ముందెవరికీ చూపించనంత భారం చూపించింది. తప్పుల్లేని పేపరు, దాని మీద మూడింతల తూకం. రాష్ట్రానికి మొదటి ర్యాంకు. సీటు ఆమెదే. నీలాద్రి వీధి మొత్తానికీ జీళ్లు పంచాడు. ఆ రోజు పెసరట్టు ఎటు జరిగినా కల్హార పట్టించుకోలేదు.

ఓడ ఎక్కే ముందు సౌగంధి ఎండు నెత్తళ్ల పొట్లం పట్టుకుని వాళ్లింటికి వచ్చింది. నీలాద్రి అపురూపంగా చేపల పులుసు పాఠం తీసి, ఒక్కసారి చదివి వినిపించమన్నాడు. చెవి వెనక బిళ్ల లేదు, పరీక్ష లేదు. ఆ పిల్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదటి వాక్యం మొదలుపెట్టింది. సగంలో ఆగింది. ముఖం పాలిపోయింది. పెరట్లోకి పరుగెత్తింది.

నోరు కడుక్కుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "నిమ్మకాయ పనిసెయ్యలేదు సార్," అంది.

అయినా ఓడ ఎక్కింది. సీటు వదులుకోమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొత్త విద్యా సంవత్సరంలో డీన్ కల్హారకు కబురు పెట్టాడు. మీరు బాధపడ్డారని గది మార్చేశాం, ఒకసారి చూసిపోండి అన్నాడు. ఆమె వెళ్లింది. నిజంగానే కిటికీలు తెరిచి ఉన్నాయి. సముద్రపు గాలి చల్లగా వస్తోంది. గొట్టం లేదు, వాంతి సంచులు లేవు. ఎవరో బల్ల మీద మల్లెపూలు కూడా పెట్టారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"కంపు ఖర్చు మిగిలింది మేడం," అన్నాడు డీన్. "చేపలకంటే బాగా పనిచేసేది దొరికింది. రీడింగులు చూడండి."

రీడింగులు ఎప్పుడూ లేనంత పైన ఉన్నాయి. పిల్లలు తెర మీది వాక్యం ఒకసారి, ఎదురు గోడ ఒకసారి చూస్తున్నారు. చూసిన ప్రతిసారీ పళ్లు బిగిస్తున్నారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఆ ముఖం చూపించి ఏమేం అంటుంటారో ఆ బిగింపులోనే తెలుస్తోంది.

గోడ నిండా సౌగంధి ఫొటో. పక్కన గోడంత ఎత్తున ఒకటి అంకె.

కల్హార దగ్గరికి వెళ్లి చూసింది. తలెత్తి హాయిగా నవ్వుతోంది సౌగంధి. ఆ నవ్వు ర్యాంకుది కాదు. అవ్వ జాడీని తలచుకుంటూ చేపల పులుసు పాఠం చదువుకున్న రోజుది.