మోషే పేరు లేని లిస్టు

పొద్దున్నే ఏడింటికి రేపల్లెలోని ఆ ఇంట్లో దోసె మాడిపోయింది. ఝాన్సీలక్ష్మి పెనం ముందే నిలబడి ఉంది. వాసన పక్కింటి దాకా పోయింది గానీ ఆవిడకి తెలియలేదు. పదకొండు రోజులుగా ఆవిడ వరస ఇంతే. వండుతుంది, వడ్డిస్తుంది, ఏదైనా అడిగితే ఊఁ అంటుంది. ఏడుద్దామన్నా కన్నీళ్ళు రావడం లేదు. చెయ్యి మొద్దుబారితే గిల్లి చూసుకుంటాం. మనసు మొద్దుబారితే ఎక్కడని గిల్లుకుంటాం చెప్పండి!

"ఝాన్సీ, మాడుతోంది!" హాల్లోంచి అరిచాడు జగన్నాథరావు.

ఆవిడ స్టవ్ కట్టేసి, ఆ మాడిన దోసెనే పళ్ళెంలో వేసి తెచ్చి భర్త ముందు పెట్టింది. ఇంకో రోజైతే ఇల్లు ఎగిరిపోయేది. ఆయన నోరెత్తకుండా తిన్నాడు.

ఇంటి వెనకే వాళ్ళ ఐసు ఫ్యాక్టరీ. నిజాంపట్నం బోట్లకి ఐసు ఇక్కణ్ణుంచే వెళ్తుంది. పదకొండు రోజుల క్రితం ఐసు దిమ్మల్ని పొడి చేసే క్రషర్‌లో, అక్కడ పనిచేసే మోషే కుడిచెయ్యి పడింది. మణికట్టు దాకా తీసేశారు. తెనాలి ఆసుపత్రిలో ఉన్నాడు. వైద్యం ఖర్చంతా జగన్నాథరావే పెట్టుకుంటున్నాడు. ఆ విషయంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు.

వంక ఉన్నది వేరేచోట. పనివాడికి ఏదైనా అయితే యజమాని పరిహారం ఇవ్వాలి. యజమాని తరఫున దాన్ని ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చేలా పాలసీ ఉంటుంది. మూడేళ్ళ క్రితం వీళ్ళూ తీసుకున్నారు. ఫ్యాక్టరీ ఝాన్సీలక్ష్మి పేరు మీద ఉంది కాబట్టి పనివాళ్ళ లిస్టు ఆవిడే కూర్చుని రాసింది. అందరికంటే ముందు మోషే పేరే రాసింది. జగన్నాథరావు వెనక నుంచి తొంగిచూసి, "ఛఛ, మోషేని కూలీల్లో కలిపేస్తావేంటి? వాడు మన ఇంటిమనిషి. చూస్తే బాధపడతాడు, కొట్టెయ్" అన్నాడు. నిజంగా ప్రేమతోనే అన్నాడు. ఆవిడ కొట్టేసింది. మిగిలిన ఎనిమిది మందికీ పాలసీ వచ్చింది. ఏటా అదే లిస్టు పంపుతున్నారు. ఇంటిమనిషెవరో కూలీ ఎవరో ఆ క్రషర్‌కేం తెలుసు?

టిఫిన్ అవగానే ఇన్సూరెన్సు ఏజెంటు రఘురామ్ వచ్చాడు. మోషే సంగతి అడుగుతూ బాపట్ల లేబర్ ఆఫీసు నుంచి వచ్చిన నోటీసుకి జవాబు టైపు చేయించి తెచ్చాడు.

"పెన్సిల్‌తో గుర్తు పెట్టానండి మేడం. అక్కడ సంతకం పెడితే చాలు."

ఝాన్సీలక్ష్మి చదివింది. మోషే అనే వ్యక్తి మా వద్ద పనిచేయడు, కేవలం పరిచయస్తుడు, ఆ రోజు తనంతట తానే లోపలికి వచ్చాడు. అదీ అందులోని సారాంశం.

"ఇదేంటండీ? ఇరవై రెండేళ్ళుగా మన దగ్గరే ఉన్నాడుగా!"

"కాగితం మీద లేడు కదండీ. లిస్టులో లేడు, రిజిస్టర్లో లేడు. జీతం సారే అతని చేతికిచ్చేవారు. మీరు ఒప్పుకున్నారనుకోండి, కంపెనీ రూపాయి ఇవ్వదు. మొత్తం మీ నెత్తి మీదే పడుద్ది. అమృతలూరు పొలం అమ్ముకోవాల్సి వస్తది, తర్వాత మీ ఇష్టం."

ఆ పొలం ఆవిడ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. జగన్నాథరావు గొంతు తగ్గించాడు. "మనం మోషేని వదిలేస్తామా ఝాన్సీ? వాడు నాకు తమ్ముడిలాంటోడు. బతికినన్నాళ్ళూ చూసుకుంటాం. ఆఫీసోళ్ళకి మాత్రం ఇట్టా రాద్దాం."

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది ఇదే. కోసేవాడికి కూడా తెలియకుండా కోస్తాడు. ఝాన్సీలక్ష్మి పెన్ను తీసుకుంది. చెయ్యనని అనడానికి కూడా ఒంట్లో కొంచెం ప్రాణం ఉండాలి కదా. సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో అన్నమ్మ కనిపించింది. మోషే భార్య. తొలి బస్సుకి తెనాలి నుంచి వచ్చినట్టుంది, చీర నలిగిపోయి ఉంది.

"రా అన్నమ్మా, రా. ఎట్టా ఉన్నాడు?" జగన్నాథరావు గబుక్కున లేచాడు.

"లేచి కూర్చుంటన్నాడండి. ఎడం చేత్తో తినడం రావట్లేదు, నేనే పెడతన్నా."

"డబ్బులేమన్నా కావాలా?"

"డబ్బులకి రాలేదండి అయ్యగారూ. ఆయన ఇక్కడ పనిచేశాడని ఒక్క ముక్క రాసివ్వండి. బాపట్లలో అడుగుతున్నారు."

రఘురామ్ దగ్గాడు. జగన్నాథరావు కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడించాడు. "మోషే నాకు తమ్ముడు అన్నమ్మా. వాణ్ని పనివాడని ఎట్టా రాయమంటావు?"

"తమ్ముడైతే వాటా అడిగేవాడండి," అంది అన్నమ్మ. ఆ గొంతులో కోపం లేదు. "మేం వాటా అడగట్లేదు. పనోడికి రావాల్సింది అడుగుతున్నాం."

 పెరట్లో మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"అన్నమ్మా," అంది ఝాన్సీలక్ష్మి. పదకొండు రోజులుగా లోపల దాచుకున్న మాట అది. "ఇన్సూరెన్సు లిస్టులో మీ ఆయన పేరు మొదటే రాశాను. మళ్ళీ నా చేత్తోనే కొట్టేశాను. కూలీల్లో పేరు చూసుకుంటే మోషే నొచ్చుకుంటాడని."

అన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆఫీసు గదిలో ఆ లిస్టు అంటించారు కదమ్మగారూ. ఆ రోజు రెండుసార్లు చూసుకున్నాడంట. అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదన్నాడు. రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. అడగవయ్యా అంటే, 'అయ్యగారు నన్ను తమ్ముడంటారు, ఏం మొహం పెట్టుకుని అడగను' అన్నాడు. ఆ మాట పట్టుకుని నోరు మూసుకున్నాడండి."

ఝాన్సీలక్ష్మి చేతిలోంచి పెన్ను జారింది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు వచ్చింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో అన్నమ్మ ఆ హాల్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఇంటిమనిషి అన్నారు గానీ ఇంట్లోకి రమ్మన్నదెప్పుడు?

"మేడం, కొంచెం ఆలోచించి..." అన్నాడు రఘురామ్.

"మీరు వెళ్ళండి బాబూ," అంది ఝాన్సీలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ. టైపు కాగితం అతని చేతికే ఇచ్చేసి, తెల్లకాగితం తీసుకుంది.

"ఝాన్సీ, పొలం పోద్ది," అన్నాడు జగన్నాథరావు. వద్దని అన్నట్టు లేదు, తనకి తనే చెప్పుకున్నట్టుంది.

"పోనీయండి. పొలానికేం నొప్పి తెలీదు." ఆవిడ రాయడం మొదలుపెట్టి ఆగింది. "ఎప్పట్నుంచి పనిచేస్తున్నాడండీ?"

ఆయన గోడ వంక చూస్తూ చెప్పాడు. "రెండువేల మూడు, జూన్. మొదటి దిమ్మ తీసింది వాడే. నాకు చేతకాకపోతే నవ్వాడు వెధవ." అని కండువాతో మొహం కప్పుకున్నాడు.

ఝాన్సీలక్ష్మి రాసి, సంతకం పెట్టి, కాగితం అన్నమ్మకి ఇచ్చింది.

"నాకు చదువు రాదమ్మగారూ. కాస్త చదవండి, ఆయనకి చెప్పాలి."

ఝాన్సీలక్ష్మి నోరు తెరిచేలోపు జగన్నాథరావు చెయ్యి చాచాడు. కాగితం అందుకుని, వచ్చి అన్నమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. కళ్ళజోడు తుడుచుకుని చదివాడు.

"మోషే మా ఐసు ఫ్యాక్టరీలో పనివాడు. పని చేస్తుండగానే చెయ్యి పోయింది. లిస్టులో పేరు రాయకపోవడం మా తప్పు."

"పేరు ఇంకోసారి చదవండి అయ్యగారూ," అంది అన్నమ్మ.

ఆయన మళ్ళీ చదివాడు.