చెప్పకుండా పెట్టిన లెవెల్

మొగిలికీ యమునకూ మొదటి మాట గొడవతోనే మొదలైంది.

గోదావరిఖని చౌరస్తా దగ్గర ఒక సందులో, మేడ మీద, సదానందం గేమింగ్ పార్లర్ ఉంది. ఆ సాయంత్రం వాన దంచుతోంది. మొగిలి తడిసి లోపలికొచ్చాడు. టీవీలన్నీ నిండి ఉన్నాయి. మూలనున్న టీవీ ముందు మాత్రం సదానందం మేనకోడలు యమున ఒక్కతే కూర్చుని ఆడుతోంది. పార్లర్‌లో కౌంటర్ చూసుకునేది ఆమే. కరెంటు పోతే తిట్లు తినేదీ ఆమే. ఆమె పక్కన రెండో కంట్రోలర్ ఖాళీగా ఉంది.

తనూ ఆడతానన్నాడు. ఆమె అతని కాళ్ల నుంచి కారుతున్న నీళ్లు చూసి, గోనెపట్టా మీద తుడుచుకుని రమ్మంది.

ఇద్దరు కలిసి ఆడే ఆట అది. పాడుబడ్డ కోటలో ఇద్దరు సిపాయిలు, గదికో దయ్యం. మొదట్లోనే లెవెల్ అడుగుతుంది. ఈజీలో ఒకరు పడిపోతే రెండోవాళ్లు వచ్చి లేపవచ్చు. హార్డ్‌లో లేపడం ఉండదు. ఒకరు పడితే ఇద్దరి ఆటా అయిపోతుంది.

ఆమె హార్డ్ పెట్టింది.

"ఈజీ పెట్టరాదు" అన్నాడు మొగిలి.

ఆమె ఆట ఆపి మరీ అతని వైపు తిరిగింది. "గింత గడ్డం అచ్చింది. ఇంక ఈజీల ఆడుతవా?"

"ఆటల గూడ భయపడుడెందుకు? బయటిది సాలుతలేదా?"

"భయం లేకుంటే అది ఆటెట్లయితది? టీవీ చూసినట్టే."

"నేను టీవీ చూసెతందుకే అచ్చిన."

"కింద టీ హోటల్ల ఉన్నది టీవీ. పో."

అతను పోలేదు. మొదటి గదిలోనే చచ్చాడు. అతనితోపాటు ఆమె కూడా. పేరడిగింది. తాత పేరు పెట్టారని చెప్పాడు. పేరు తాతది, ఆట మనవడిది అని నవ్వింది. ఆ నవ్వు కోసం అతను మళ్లీ మళ్లీ చచ్చాడు.

బొగ్గు గనుల కంపెనీలో కొత్తగా చేరానని అతను చెప్పాడు. తండ్రి ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కొచ్చింది. డ్యూటీ ఎక్కడ అని అడిగింది. అడిగేటప్పుడు ఆమె వేళ్లు బటన్ల మీద ఆగిపోయాయి. మొగిలి అది చూశాడు.

"బాయిల దిగుతవా?"

ఆమె తండ్రి ఎల్లన్న బొగ్గుబాయిలోకి దిగి, కప్పు కూలి, తిరిగి రాలేదు. ఆయన పేరు మీద వచ్చే ఉద్యోగం వద్దని తల్లి సారవ్వ ఆఫీసులో చెప్పి, క్వార్టర్ ఖాళీ చేసి, కూతుర్ని తీసుకుని తమ్ముడు సదానందం ఇంటికి చేరింది. ఊరంతా ఎరిగిన సంగతి. మొగిలీ ఎరుగును.

"లేదు. పైననే. లైట్లిచ్చే లాంప్ రూంల" అన్నాడు.

ఆమె వేళ్లు మళ్లీ కదిలాయి. బాయిలో దిగేవాడితో మాట కూడా మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నానని, అతను బతికిపోయాడని చెప్పింది.

అతను బతికిపోలేదు. రోజూ తెల్లవారి దిగేవాడు. హెల్మెట్‌కు లైటు తగిలించుకుని, నడుముకు బ్యాటరీ కట్టుకుని, ఏటవాలు దారిలో చీకట్లోకి నడిచేవాడు. పని మొదలయ్యే ముందు పని చేయించే సర్దార్ పొడుగాటి కర్రతో కప్పును కొట్టి చూస్తాడు. గట్టిగా మోగితే లోపలికి పొమ్మంటాడు. బోలుగా మోగితే అందరినీ వెనక్కి తోస్తాడు. ఆ కర్ర కప్పుకు తాకే ముందు క్షణంలో మొగిలికి రోజూ నోరు ఎండిపోయేది. పక్కవాళ్లు అలవాటైతదిలే అనేవారు. అతనికి అలవాటు కాలేదు.

ఇప్పుడు దానికి ఇంకో భయం తోడైంది. షిఫ్టు అయ్యాక బాయి దగ్గరే ఒళ్లు రుద్దుకుని, సబ్బుతో మొహం కడిగి కడిగి, పార్లర్‌కు వచ్చేవాడు. ఎంత కడిగినా కనురెప్పల అంచున బొగ్గు గీత పోయేది కాదు.

"కాటుక పెట్టుకుంటవా ఏంది?" అని ఒకరోజు దగ్గరికి వంగి చూసింది యమున. ఆమె ఊపిరి అతని చెంపకు తగిలింది.

"లాంప్ రూంల దుమ్ము లేస్తది."

"మంచిగనే ఉన్నది. కడుగకు."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు రెక్కలొచ్చి ఎగిరేవాడు. మొగిలి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కోటలో ఆఖరి తలుపు ఒకటుంది. హార్డ్‌లో వాళ్లు దాన్ని ఎప్పుడూ దాటలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు పడిపోయేవారు, ఎక్కువగా అతనే. ఆమె విసుక్కునేది కాదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. ఆమె వేళ్లు వాచిపోవడం చూసి ఒకరోజు మొగిలి ముందుగా వచ్చి, ఆమె చాయ్ తేవడానికి కిందికి దిగినప్పుడు, లెవెల్ ఈజీకి మార్చి కూర్చున్నాడు.

ఆ రోజు ఎవరూ పడిపోకుండానే తలుపు తెరుచుకుంది. యమున లేచి అతని భుజం పట్టుకుని ఊపేసింది. పార్లర్‌లో పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అప్పుడు తెరమీద పడింది: ఆట పూర్తయింది, లెవెల్ ఈజీ.

ఆమె చేయి అతని భుజం మీది నుంచి మెల్లగా తీసేసింది.

"ఎవరు పెట్టిన్రు ఇది?"

అతను కంట్రోలర్ కింద పెట్టాడు.

"నేను ఆడేదానికి నువ్వెట్ల పెడతవు? నన్నడిగినవా?"

"నువ్వు ఖుషీ అయితవని."

"ఖుషీ అయిన. అదే నా బాధ."

కొన్ని రోజులు ఆమె అతనికి కంట్రోలర్ ఇవ్వలేదు. వస్తే వేరే టీవీ చూపించేది. చివరికి అతను, ఇంకెప్పుడూ చెప్పకుండా ఏదీ చెయ్యనని ఒట్టు పెట్టాడు. ఆమె నమ్మింది. ఒట్టు పెడుతున్నప్పుడే అసలు సంగతి చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది. చెబితే ఈ మూల, ఈ టీవీ, ఈ మనిషి ఉండరు. మింగేశాడు. పిరికితనానికి మనుషులు ప్రేమ అని పేరు పెట్టుకుంటారు. అతనూ పెట్టుకున్నాడు.

శ్రావణంలో సదానందం ఒకరోజు మేనకోడల్ని, ఆ లాంప్ రూం పిలగాడి ఇంటివాళ్లతో పెళ్లి మాట మాట్లాడనా అని అడిగాడు. ఆమె తల వంచి కౌంటర్ తుడిచింది. ఆ మరునాడు సర్వపిండి చేసి, డబ్బాలో పెట్టి, మొగిలికే ముందు చెప్పాలని బాయికి బయలుదేరింది. తండ్రి పోయాక ఆ తోవ తొక్కడం అదే మొదలు. ఆటో దిగి డబ్బా గట్టిగా పట్టుకుంది. అతను పైనే ఉంటాడు కదా అని తనకు తాను చెప్పుకుంది. గేటు దగ్గర తండ్రి పేరు చెప్పింది. వాచ్‌మన్ ఆమె మొహం చూసి, మారు మాట లేకుండా లోపలికి పంపాడు.

లాంప్ రూం కిటికీలో ముత్యం అనే ముసలాయన లైట్లు చార్జింగ్‌కు పెడుతున్నాడు.

"కాకా, మొగిలి ఉన్నడా?"

"ఏ మొగిలి బిడ్డా?"

"ఈడ పనిచేస్తడు గదా. లాంప్ రూంల."

"ఈడ నేనే ఉన్న. మొగిలంటే తండ్రి ఉద్యోగం అచ్చిన కొత్త పిలగాడు. ఆయన కింద బాయిల ఉన్నడు." ముత్యం గోడ వైపు చేయి చూపాడు.

గోడకు వరసగా కొక్కేలు. దిగే ప్రతి మనిషీ లైటు తీసుకుని, తన పేరున్న ఇత్తడి బిళ్ల అక్కడ తగిలించి పోతాడు. పైకొచ్చి లైటు అప్పజెప్పి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల కొక్కేనికి ఉందంటే మనిషి భూమి లోపల ఉన్నట్టు. ఎల్లన్న బిళ్ల ఆ రోజు కొక్కేనికే ఉండిపోయింది. యమునకు ఆ గోడ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అతని బిళ్ల రెండో వరసలో ఉంది.

ఆమె డబ్బా కిటికీ మీద పెట్టింది. అప్పుడే కరెంటు పోయింది. షిఫ్టు అయిపోయే వేళ దాటింది. ఎవరూ పైకి రాలేదు. మొగిలి వాళ్లు పనిచేసే చోట కప్పు కొంచెం రాలిందని, దెబ్బలు తగిలాయో లేదో తెలియదని, మనుషులను పైకి తెచ్చే మెషిన్ కరెంటు లేక ఆగితే నడిపించి తెస్తున్నారని ఎవరో వచ్చి చెప్పారు. ముత్యం ఆమెకు స్టూలు వేశాడు. ఫికర్ చెయ్యకు బిడ్డా అన్నాడు. ఆమె కూర్చోలేదు. గోడ ముందు నిలబడి ఆ ఒక్క బిళ్లనే చూసింది. కళ్లు తిప్పితే ఏదో జరుగుతుందన్నట్టు చూసింది.

మనుషులు రావడం మొదలైంది. ఒక్కొక్కరూ లైటు కిటికీలో పెట్టి, బిళ్ల తీసుకుని పోతున్నారు. మొహాలు ఎవరివీ ఆనవాలు పట్టేట్టు లేవు. కళ్లు, పళ్లు తప్ప అంతా ఒకటే నలుపు. గోడ ఖాళీ అవుతోంది. అతని బిళ్ల కదలడం లేదు.

చివర వచ్చిన వాళ్లలో ఒకడు ఆమెను చూసి ఆగిపోయాడు. కనురెప్పల అంచున ఉండే గీత ఇప్పుడు మొహమంతా ఉంది.

"యమునా."

"ముందు లైటు ఇయ్యి. బిళ్ల తీస్కో."

అతను తీసుకున్నాడు. బిళ్ల జారి కింద పడింది. వంగి ఏరుకున్నాడు. ఎప్పటినుంచో చెప్పాలనుకున్నానని, చెబితే పోతావని భయపడ్డానని, నీకు భయం లేకుండా ఉండాలనే అలా చేశానని గొణిగాడు.

"మా బాపు కింద ఉన్నడని మా అవ్వకు రోజూ తెలుసు. పొద్దుగాల్ల నుంచి భయపడ్డది. దేవునికి మొక్కింది. ఆయన ఇంట్ల కాలు పెడితే అన్నం పెట్టింది. ఆ భయం ఆమెది. నాకు నువ్వు అది గూడ లేకుంట చేసినవ్. నువ్వు కింద ఉన్నప్పుడు నేను కౌంటర్ల కూసొని నవ్వుకుంట ఉన్న. ఇయ్యాల నువ్వు రాకపోతే, నా నవ్వు నేనెట్ల మొయ్యాలె?"

అతను బిళ్లను గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె డబ్బా అక్కడే వదిలి వెళ్లిపోయింది.

తర్వాత చాలా రోజులు అతను పార్లర్ మెట్లెక్కలేదు. మొదట సారవ్వ దగ్గరికి పోయాడు. వాకిట్లో నిలబడి, తాను బాయిలో దిగుతానని, అబద్ధం చెప్పానని, దిగాలంటే రోజూ భయమని, వేరే పని లేదని చెప్పాడు. సారవ్వ బియ్యం ఏరుతూ విన్నది. కూర్చోమనలేదు.

"నా మనిషి రోజు చెప్పిపోయేటోడు. పోతున్ననే అని. ఆ ఒక్క మాట మీద బతికిన" అంది చివరికి. "నీకు చేతనైతే దానికి చెప్పిపో. చేతగాకుంటే మా వాకిట్లకు రాకు."

అంతే. దీవెన అనుకుంటే దీవెన.

ఆ వారం అతనికి సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం డ్యూటీకి పోతూ పార్లర్‌లోకి వచ్చాడు. మొహం కడుక్కోలేదు. నిన్నటి గీత కళ్ల అంచున అలాగే ఉంది. యమున అతన్ని చూసి మూల టీవీ పెట్టింది. ఈసారి మొదటి కంట్రోలర్ అతని చేతికిచ్చింది.

"లెవెల్ నువ్వు పెట్టు. నేను చూస్తుండంగ పెట్టు."

"నాకు హార్డ్ అంటే భయం."

"తెలుసు."

"బాయన్నా భయమే."

"నాకు గూడ. పెట్టు."

"నీకేది కావాలె?"

ఆమె అతని వైపు తిరిగింది. ఇన్నాళ్లలో అతను ఆ మాట అడగడం అదే మొదటిసారి. "హార్డ్" అంది.

అతను పెట్టాడు. రెండో గదిలోనే ఇద్దరూ చచ్చారు. ఆమె నవ్వలేదు గానీ, ఆమె మోకాలు అతని మోకాలికి ఆనింది. తీసుకోలేదు.

"నేను మాఫ్ చెయ్యలే" అంది.

"సరే."

"చేస్తనో లేదో గూడ తెల్వది."

"సరే."

దూరాన ఓపెన్‌కాస్ట్ గనిలో రోజూ జరిగే బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. అతను లేచాడు. తలుపు దాకా పోయి, అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"పోతున్ననే. కిందికి."

"పోయిరా."

ఆ సాయంత్రమంతా ఆమె కౌంటర్ దగ్గర కూర్చుని భయపడింది. తెలిసి భయపడింది. పిల్లలు వచ్చి మూల టీవీ అడిగారు. ఇచ్చింది. రెండో కంట్రోలర్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.